పడమటి ఎండ, ఆశ్రమ్ రోడ్డు, ఒక తడక

అహ్మదాబాద్‌లో మూడు రోజులున్నాం, పెళ్లి భోజనాల సంగతి, అడాలజ్ మెట్లబావి సంగతి వదిలేస్తున్నా, అవి ఎవరైనా చెప్తారు. నేను చెప్పేది ఆశ్రమ్ రోడ్డులో ఉన్న ఆత్మ హౌస్ గురించి, అంటే బట్టల మిల్లుల యజమానుల సంఘం ఆఫీసు. ఫ్రెంచ్ ఆర్కిటెక్ట్ లె కార్బూజియే డిజైన్, 1954లో పూర్తయింది, ఈ ఊళ్లో ఆయనవి నాలుగు కట్టడాలుంటే అందులో ఇదొకటి.

కాలుపూర్ స్టేషన్ దగ్గర ఆటో అతను మీటర్ వెయ్యనన్నాడు, 150 అన్నాడు, మే నెల మధ్యాహ్నం, బేరమాడే ఓపిక లేక ఎక్కేశాం, తీరా చూస్తే అతనికి ఆ బిల్డింగే తెలీదు. దిగాక చూస్తే చిన్నది, చుట్టూ ఉన్నవన్నీ దానికంటే పొడుగు. వెంట వచ్చిన మా బావమరిది బిల్డింగ్ కాంట్రాక్టర్, ఒక్కసారి చూసి "ఇంకా ప్లాస్టరింగ్ చెయ్యలేదేంటి బావా" అన్నాడు. నాకూ ఇంతేనా అనిపించింది, చెప్పలేదంతే.

రోడ్డు వైపు నుంచి పొడుగాటి ర్యాంప్ సూటిగా పై అంతస్తులోకి తీసుకెళ్తుంది. అది ఎక్కుతుండగానే ఎండ పోయింది! మబ్బేమీ పట్టలేదు. రోడ్డు వైపు, అంటే పడమర, ముఖమంతా కాంక్రీట్ పలకలు ఏటవాలుగా నిలబెట్టారు, మూడు గంటల ఎండ వాటికి తగిలి అక్కడే ఆగిపోతుంది, గాలి మాత్రం సందుల్లోంచి లోపలికొస్తుంది. ఉత్తరం, దక్షిణం దాదాపు మూసేసిన ఇటుక గోడలు. అచ్చం మా నాయనమ్మ పడమటి వసారాకి కట్టించే తాటాకు తడకే, కాకపోతే కాంక్రీట్‌ది. నేను పనిచేసే ఆఫీసు నాలుగు వైపులా అద్దాలే, ఎండ పడుతుందని బ్లైండ్స్ దించేసి పట్టపగలు లైట్లేసుకుని కూర్చుంటాం, ఆ కరెంటు బిల్లు గురించి మాట్లాడకపోవడమే మంచిది.

తూర్పు వైపు సబర్మతి. అప్పట్లో నదిలో బట్టలు ఉతికి ఇసుకలో ఆరేసేవాళ్లు, మిల్లు ఓనర్లు ఇక్కడ నిలబడి అది చూడొచ్చన్నమాట. ఇప్పుడు రివర్‌ఫ్రంట్ సిమెంట్ గట్టు కనిపిస్తుంది.

పైన మీటింగ్ హాలు గోడ మెలికలు తిరిగి ఉంటుంది, లోపలంతా సన్నటి చెక్క అతికించారు, పైకప్పు కింద నుంచి వెలుతురు దిగుతుంది. మా వాడు ఆ గోడ మీద చెయ్యి రాస్తూ "ఈ వంపు కట్టిన మేస్త్రీకి దండం పెట్టాలి" అన్నాడు. మళ్లీ కిందికొచ్చి పలక లోతు జానలతో కొలిచాడు, ఫోన్‌లో ఏదో రాసుకున్నాడు, ప్లాస్టరింగ్ ఊసు మాత్రం మళ్లీ ఎత్తలేదు.

తిరుగు ఆటో మీటర్ మీదే వచ్చింది, 80 అయింది. ఆ 150 గుర్తొచ్చి మళ్లీ ఒళ్లు మండింది.