గ్రాము తేడా ఎక్కడొస్తుంది?

చేతిలో పట్టే హిమోగ్లోబిన్ మీటర్ మా రోజుల్లోనూ ఫైనల్ ఇయర్ ప్రాజెక్టే, ఇప్పటికీ అంతే. ఏటూరునాగారం వైపు పల్లెల్లో రక్తహీనత పరీక్షకు పనికొస్తుందని అబ్‌స్ట్రాక్టులో రాస్తాం. సర్క్యూట్ తేలికే: పచ్చ ఎల్‌ఈడీ, రక్తం కలిపిన ద్రావణం పోసే ఒక సెంటీమీటరు క్యువెట్ (పారదర్శక గిన్నె), అవతల వెలుగును కరెంటుగా మార్చే బీపీడబ్ల్యూ34 ఫోటోడయోడ్, దాన్ని పెంచే ఆప్-యాంప్, లెక్కగట్టే ఆర్డునో బోర్డు. అవతలికి వెలుగు ఎంత తక్కువొస్తే హిమోగ్లోబిన్ అంత ఎక్కువని లెక్క. డెమోలో డెసిలీటరుకు 12 గ్రాములు చూపిస్తుంది, చప్పట్లు పడతాయి. అదే రక్తం ఆసుపత్రి ల్యాబుకిస్తే 11. గర్భిణికి 11 లోపు ఉంటే రక్తహీనత కింద లెక్క. అంటే ఆ ఒక్క గ్రామే అసలు ప్రాజెక్టు.

చాలావరకు అది పిపెట్ దగ్గరే వస్తుంది. హిమోగ్లోబిన్‌ను నిలకడైన రంగు పదార్థంగా (సయన్‌మెథ్‌హిమోగ్లోబిన్) మార్చే డ్రాబ్కిన్ ద్రావణం 5 మిల్లీలీటర్లలో 20 మైక్రోలీటర్ల రక్తం కలపాలి. పిపెట్ బయటి గోడకు అంటిన రక్తం తుడవకపోతే 2 మైక్రోలీటర్లు అదనంగా దిగిందనుకోండి, 11 కాస్తా 12 దాటుతుంది. తుడిచేటప్పుడు దూది మొనకు తగిలితే లోపలి రక్తాన్ని పీల్చేస్తుంది, అప్పుడు తక్కువొస్తుంది. వేలిని గట్టిగా పిండినా అంతే, కణజాలపు నీరు కలిసి రక్తం పలచబడుతుంది. మొదటి చుక్క తుడిచేయాలి. ఈ పని ల్యాబ్ టెక్నీషియన్ చేతుల మీదుగానే జరగాలి, ఎథిక్స్ కమిటీ అనుమతి తర్వాతే. కలిపాక 10 నిమిషాలు ఆగాలి. వైవా హడావుడిలో ఎవరూ ఆగరు!

తర్వాతిది వెలుగు. రక్తం కలపని ద్రావణంతో బ్లాంక్ (సున్నా రీడింగ్) తీశాక ఎల్‌ఈడీ వెలుగు 5 శాతం తగ్గితే మీటర్ దాదాపు 0.8 గ్రాము ఎక్కువ చూపిస్తుంది. రక్తం తక్కువున్న మనిషికి బాగానే ఉందని చెప్పి పంపేస్తాం. 9 వోల్టుల బ్యాటరీ 7 కిందికి దిగితే వోల్టేజీ రెగ్యులేటర్ 7805 ఇక 5 వోల్టులు నిలబెట్టలేదు, ఎల్‌ఈడీ మసకేస్తుంది. ఎల్‌ఎం317 అనే మరో రెగ్యులేటర్‌ను 120 ఓమ్‌ల రెసిస్టర్‌తో కరెంటు సోర్సుగా పెడితే 10 మిల్లీయాంపులు నిలకడగా వస్తాయి. రోహిణి కార్తె ఎండకు మాత్రం అదీ ఆగదు, వేడెక్కిన ఎల్‌ఈడీ వెలుగు తగ్గుతుంది. ప్రతి శాంపిల్‌కూ ముందు కొత్తగా బ్లాంక్ తీయడమే మార్గం. ఎల్‌ఈడీ కొనేటప్పుడు పాత రకం మసక పచ్చది వద్దు, దాని వెలుగు తరంగదైర్ఘ్యం 565 నానోమీటర్ల దగ్గర ఉంటుంది. మనకు కావలసింది 540, దానికి దగ్గరగా 525 రకం దొరుకుతుంది.

బయటి వెలుగు రాకుండా మీటర్‌కు తొడిగే నల్ల ప్లాస్టిక్ పెట్టెను నమ్మొద్దు. కంటికి నల్లగా ఉన్నా కొన్ని రకాల్లోంచి ఇన్‌ఫ్రారెడ్ దూరిపోతుంది, బీపీడబ్ల్యూ34 పసిగట్టేది ఎక్కువగా 900 నానోమీటర్ల దగ్గరే. గదిలో సరిగ్గా ఉన్న రీడింగ్ ఆరుబయట పడిపోయేది ఇందుకే. అల్యూమినియం టేపు చుట్టండి, ఎల్‌ఈడీ ఆపి చూసిన ఫోటోడయోడ్ రీడింగును ప్రతిసారీ అసలు రీడింగులోంచి తీసేయండి.

క్యాలిబ్రేషన్‌కు డెసిలీటరుకు 60 మిల్లీగ్రాముల సయన్‌మెథ్‌హిమోగ్లోబిన్ స్టాండర్డ్ (గాఢత ముందే తెలిసిన ద్రావణం) కొంటే అది రక్తంలో డెసిలీటరుకు 15 గ్రాములకు సమానం. డ్రాబ్కిన్‌తోనే పలచన చేసి 10, 5 కూడా తయారు చేసుకోవచ్చు. డ్రాబ్కిన్‌లో సయనైడ్ ఉంటుంది. నోటితో పిపెట్ చేయొద్దు, వాడినది సింకులో పోయొద్దు, యాసిడ్ తగిలితే విషవాయువు వస్తుంది. విడిగా డబ్బాలో పట్టి కెమిస్ట్రీ ల్యాబులో అప్పజెప్పండి.