కడుపుకోత

“కడుపుకోత నాయనా. రెండు నెలలైంది. ముద్ద దిగట్లేదు.”

పొద్దున ఓపీలో అరవై దాటిన ఒక అమ్మ అన్న మాట. మా హౌస్ సర్జన్ శ్రద్ధగానే రాసుకున్నాడు: కడుపు నొప్పి, రెండు నెలలు, ఆకలి లేదు. కింద అల్ట్రాసౌండ్.

చీటీ చూసి కుర్చీ దగ్గరికి లాక్కున్నాను. “ఎవరు పోయారమ్మా?”

ఆమె మాట్లాడలేదు. కొంగు ముడి విప్పింది. చిల్లర మధ్య మడతలు పడ్డ పాస్‌పోర్ట్ సైజు ఫొటో. కొడుకు. అది నా చేతిలో పెట్టాక ఏడ్చింది.

మా హౌస్ సర్జన్‌ని ఏమని తప్పు పట్టను? ఇంటర్ బైపీసీలో చాలామందిలాగే మార్కుల కోసం సంస్కృతం తీసుకున్నాడు. ఆ తర్వాత నీట్ టెన్షన్. తెలుగు పుస్తకం పట్టుకునే తీరికేదీ? 2019 నుంచి ఎంబీబీఎస్‌లో వైఖరి, నైతికత, రోగితో మాట్లాడే తీరు మీద ‘ఎట్‌కామ్’ (AETCOM) పాఠాలు పెట్టారు. మంచిదే, మాకు అవీ లేవు. కానీ నాకు కడుపుకోత అంటే ఏంటో తెలిసింది నాయనమ్మ దగ్గర. అభిమన్యుడు పోయాక సుభద్ర ఏడ్చిన ఏడుపు చెబుతూ ఆవిడ గొంతు పూడుకుపోయేది.

“స్కాన్ చీటీలోంచి కొట్టేయమంటారా మేడమ్?” అన్నాడు.

వద్దన్నాను. బరువు తగ్గింది, అదీ చూడాలి. సైకియాట్రీకి కూడా రాశాం.

మధ్యాహ్నం వార్డుకు వెళ్తుంటే స్కాన్ గది బయట బెంచీ మీద ఆమె పక్కనే కూర్చుని ఉన్నాడు. కొడుకు పేరు అడుగుతున్నాడు.