కుంభాభిషేకం రేవు దగ్గర గ్రేట్ నాట్: ఈ సీజన్ నా నోటుబుక్కు

ఈ సీజన్‌కి ఒక్క పనే పెట్టుకున్నాను. కాకినాడ కుంభాభిషేకం రేవు ముందున్న బురద నేలల మీద దిగే పిట్టల్లో గ్రేట్ నాట్‌ని తడబడకుండా గుర్తుపట్టాలి, లెక్కపెట్టాలి. ఆ లెక్క పిట్టలు చూసేవాళ్లు తమ లెక్కలు నమోదు చేసే వెబ్‌సైటు ఈబర్డ్‌లో ఎక్కించాక ఎవరు ప్రశ్నించినా నిలబడాలి. పోయినేడాది దీన్ని మూడుసార్లు చూశాననుకున్నాను. నోటుబుక్కు తిరగేస్తే మూడు రోజులకీ రాసిన వివరం ఒకటే: "బూడిద రంగు, మధ్యరకం సైజు". ఆ మాటలకి ఆ బురద మీదున్న పిట్టల్లో సగం సరిపోతాయి.

గ్రేట్ నాట్ మనం ఉల్లంకులు అనే కుటుంబంలోదే. పొడవు 26 నుంచి 28 సెంటీమీటర్లు. ఈశాన్య సైబీరియా కొండల్లో గుడ్లు పెడుతుంది. చలికాలానికి వీటిలో ఎక్కువ భాగం ఆస్ట్రేలియా తీరానికి పోతాయి, కొన్ని మన బంగాళాఖాతం వైపు దిగుతాయి. ఆస్ట్రేలియా వెళ్లేవి దారిలో ఆగి కడుపు నింపుకునే చోటు పసుపు సముద్రం ఒడ్డు. అక్కడి బురద నేలలు ఏళ్ల తరబడి పూడ్చేస్తూ వచ్చారు. దక్షిణ కొరియాలో సేమాన్‌గమ్ దగ్గర 33 కిలోమీటర్ల సముద్రపు గోడ 2006లో రెండు కొసలూ కలిశాక ఆ దారిలో వచ్చే గ్రేట్ నాట్‌ల సంఖ్య బాగా పడిపోయింది. ఇప్పుడిది ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ వేసే రెడ్ లిస్టులో ఎండేంజర్డ్, అంటే అంతరించే ప్రమాదంలో ఉన్న జాతి. అందుకే మన రేవు ముందు వంద పిట్టలు నిలబడ్డాయంటే ఆ వందా సరిగ్గా లెక్కకెక్కాలని నా పట్టుదల.

నవంబరు, మొదటి, మూడో ఆదివారాలు

రెండుసార్లూ పొద్దున్నే ఆరింటికి వెళ్లాను. రెండుసార్లూ ఉత్త చేతులే. పిట్టలు లేక కాదు, వేలల్లో ఉన్నాయి. కానీ రేవు నుంచి చూస్తే అఖాతం తూర్పు వైపు. సూర్యుడు సరిగ్గా పిట్టల వెనకాల. స్కోప్‌లో, అంటే ట్రైపాడ్ మీద పెట్టే దూరదర్శినిలో, అన్నీ నల్లటి బొమ్మలే. పైగా ఆ వేళకి పాటు, అంటే నీళ్లు వెనక్కి తీసి ఉన్నాయి. కిలోమీటరు అవతలిదాకా బురద బయటపడితే పిట్టలన్నీ ఆ చివర నీటి అంచున మేస్తున్నాయి.

వల సర్దుకుంటున్న ఒక పెద్దాయన కాసేపు నన్ను గమనించి, "మాస్టారూ, ఇప్పుడు కాదండి. పోటెక్కేటప్పుడు రండి. నీళ్లే వాటిని మీ కాళ్ల దగ్గరికి తోలుకొస్తాయి" అన్నారు. ఈ సీజన్ మొత్తానికి నాకు దొరికిన అతి విలువైన మాట ఇదే.

ఆ రాత్రే పోటుపాట్ల పట్టిక ముందేసుకున్నాను. మన తీరంలో రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు. పోటు రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ వస్తుంది. నాకు కావాల్సింది సూర్యుడు నా వీపు మీద ఉండే సాయంత్రం వేళ, మూడున్నర అయిదు మధ్య వచ్చే నిండు పోటు. అలాంటి రోజులు నెలలో రెండు విడతలే వస్తాయి, విడతకి రెండు మూడు రోజులు. క్యాలెండర్లో ఎర్ర పెన్నుతో చుట్టేశాను. స్కూల్లో సాయంత్రం స్పెషల్ క్లాసులు ఆ రోజుల్లో పడకుండా మార్చుకున్నాను. ఇంట్లో కూడా అలవాటైపోయింది, "ఇవాళ ఎర్ర సున్నానా?" అని అడుగుతున్నారు.

నవంబరు ఆఖరి వారం

పోటుకి రెండున్నర గంటల ముందే చేరాను. తేడా మాటల్లో చెప్పలేను. నీళ్లు మెల్లగా పాకుతూ వస్తుంటే పిట్టలు గుంపులు గుంపులుగా లేచి, ఒక్కో మెట్టు దిగినట్టు దగ్గరికి వచ్చి వాలాయి. నిండు పోటుకి అరగంట ముందు అరవై మీటర్లలో ఉన్నాయి. నేను కదల్లేదు. ట్రైపాడ్ ముందే పాతేసి, దాని పక్కన కూర్చునే ఉన్నాను. పోటు వేళ అవి అలిసి సేదదీరే చోట మనం లేపితే వాటి ఒంట్లో దాచుకున్న శక్తి వృథా అవుతుంది. ఫోటో కోసం బురదలోకి దిగడం పిట్టకీ మంచిది కాదు, మనకీ కాదు. మోకాలిదాకా దిగబడుతుంది.

మొదటి నమ్మకమైన గ్రేట్ నాట్ ఆ రోజే. బురదలో ముక్కు గుచ్చి గుచ్చి, చిన్న గుల్లనొకదాన్ని లాగింది. చిప్ప విప్పి తింటుందేమో అని చూస్తున్నాను. విప్పలేదు. తల పైకెత్తి, రెండుసార్లు గుటక వేసి, గుల్లని గుల్లగానే మింగేసింది. మెడలో ఆ ఉబ్బు దిగడం స్కోప్‌లో స్పష్టంగా కనిపించింది. చిప్పని లోపల కండగల పొట్ట నలిపేస్తుంది. అంత కొద్ది దూరం నుంచి అంతసేపు చూశాక ఆ పిట్ట ఆకారం కంట్లో పడిపోయింది.

పక్కపక్కనే ఉండి తికమకపెట్టే మిగతావాటితో పోల్చి రాసుకున్నది ఇది. కర్ల్యూ శాండ్‌పైపర్ బాగా చిన్నది, దాని ముక్కు విల్లులా వంగి ఉంటుంది. గ్రే ప్లవర్ సైజులో దగ్గరే కానీ ముక్కు పొట్టి, తల గుండ్రం, కళ్లు పెద్దవి. నాలుగడుగులు పరుగెత్తి టక్కున ఆగుతుంది, ఎగిరితే చంకల్లో నల్ల మచ్చ కనిపిస్తుంది. గ్రేట్ నాట్ ముక్కు తల కంటే కాస్త పొడవు, మొదట్లో లావుగా ఉండి కొసన కొద్దిగా కిందికి వాలుతుంది. చలికాలంలో రొమ్ము మీద నల్లటి చుక్కలు మసకగా, పక్కలకి జారినట్టు ఉంటాయి. ఎగిరినప్పుడు తోక మొదట్లో తెల్లగా కనిపిస్తుంది. ఈ ఆఖరి గుర్తు నాకు జనవరిలో గట్టి పాఠం చెప్పింది.

లెక్క: 64. మూడుసార్లు లెక్కపెడితే 61, 64, 70 వచ్చాయి, మధ్యది రాశాను. పెద్ద గుంపైతే ముందు పది పిట్టలు ఎంత చోటు పడతాయో కంటితో కొలుచుకుని, ఆ కొలతని గుంపు మీద ఆ చివరి నుంచి ఈ చివరికి జరుపుతాను. ఈబర్డ్‌లో అంకె లేకుండా 'ఎక్స్' (ఉన్నాయి, లెక్కపెట్టలేదు) అని వదిలేయడం కంటే ఇలా వచ్చిన అంచనా ఎంతో నయం.

డిసెంబరు

ఎర్ర సున్నాలు ఆరింటిలో నాలుగు రోజులు వెళ్లగలిగాను. ఒకరోజు వాయుగుండం, ఒకరోజు పెళ్లి. గ్రేట్ నాట్ లెక్కలు వరసగా 88, 112, 40, 131. ఆ 40 రోజున ఒక గద్ద మీద తిరుగుతూనే ఉంది, గుంపు నిలవలేదు. ఆ సంగతి కూడా వ్యాఖ్యలో రాశాను. లేకపోతే తర్వాత చూసేవాళ్లకి ఆ రోజు పిట్టలే తక్కువ అనిపిస్తుంది.

ఈ నెలలో పెద్ద పండుగ మాత్రం ఇండియన్ స్కిమ్మర్లు. ఇసుక దిబ్బ మీద అన్నీ గాలికి ఎదురుగా ఒకే వైపు తిరిగి నిలబడ్డాయి. నారింజ రంగు ముక్కు, అందులో కింది దవడ పైదానికంటే పొడవు. ఆ కింది దవడతో నీటిని చీల్చుకుంటూ ఎగిరి చేపని పట్టేస్తాయి. ఇవీ ఎండేంజర్డ్ జాబితాలోవే. చంబల్, మహానది లాంటి నదుల ఇసుక తిన్నెల మీద పిల్లల్ని చేసి, చలికాలానికి మన తీరానికి వస్తాయి. వలల పెద్దాయన వీటిని "ముక్కు కుదరని పిట్టలు" అన్నారు. ఆయనకి వీటి రాకపోకలు నాకంటే బాగా తెలుసు. ఏ వారంలో మొదటిసారి కనిపించాయో ఆయన చెబితేనే నేను రాసుకున్నాను.

మన రాష్ట్రంలో ఇలాంటి స్థానికుల మాట వినకపోతే ఏమయ్యేదో కలివి కోడి కథే చెబుతుంది. జెర్డాన్ కనుగొంటే 1848లో బ్లైత్ వర్ణించిన ఆ పిట్ట 1900 తర్వాత ఎవరికీ కనబడక, అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర ఒక స్థానిక వేటగాడి సాయంతోనే అది మళ్లీ దొరికింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ (బీఎన్‌హెచ్‌ఎస్) నుంచి వచ్చిన భరత్ భూషణ్ ఆ పొదల మధ్య తిరిగేవాళ్లని అడిగారు కాబట్టి దొరికింది.

జనవరి

ఏషియన్ వాటర్‌బర్డ్ సెన్సస్, అంటే ఆసియా నీటిపక్షుల లెక్కింపు, జరిగే నెల. 1987 నుంచి ఏటా జనవరిలో జరుగుతోంది. మాకు పంచిన భాగంలో పొద్దున్నే ఎదురెండలో లెక్కపెట్టాల్సి వచ్చింది. నచ్చకపోయినా అందరితో కలిసి చేయాల్సిన పని.

ఆ మర్నాడు జరిగినది రాయడానికి ఇప్పటికీ మనసుకి కష్టంగా ఉంటుంది. నాట్‌ల గుంపులో ఒకటి కాస్త చిన్నగా, ముక్కు పొట్టిగా, తిన్నగా అనిపించింది. రెడ్ నాట్! మన తీరంలో అది చాలా అరుదు. గుండె దడదడలాడింది. మూడు ఫోటోలు తీసి, ఈబర్డ్‌లో ఎరుపు గుర్తుతో 'రేర్' అని వచ్చినా సరే ధైర్యంగా ఎక్కించేశాను. "చిన్నది, ముక్కు పొట్టి" అని రాశాను.

రెండు రోజుల తర్వాత రివ్యూ చేసే వాలంటీర్ నుంచి ఎంతో మర్యాదగా మెయిల్ వచ్చింది. "ఎగిరినప్పుడు తోక మొదలు ఎలా ఉంది? పక్కనున్న పిట్టతో పోల్చి ఎంత చిన్నది?" నా దగ్గర జవాబు లేదు. గ్రేట్ నాట్‌కి ఆ చోట తెల్లగా ఉంటుంది, రెడ్ నాట్‌కి బూడిద గీతలతో మాసినట్టు ఉంటుంది. నేను చూడలేదు. ఫోటోలు మళ్లీ పెద్దవి చేసి చూస్తే, ఆ పిట్ట ముక్కు కొంచెం నా వైపు తిరిగి ఉంది. అందుకే పొట్టిగా కనిపించింది. గ్రేట్ నాట్ అని మార్చేశాను. టెన్షన్ తగ్గడానికి ఆ రాత్రంతా పట్టింది.

అప్పటినుంచి అక్కడికక్కడే, ఇంటికి రాకముందే, ఫోన్‌లో వాయిస్ రికార్డు చేసుకుంటున్నాను. ముందు పేరు చెప్పను. సైజు పక్కనున్న ఏ పిట్టతో పోలిస్తే ఎంత, ముక్కు పొడవు తలతో పోలిస్తే ఎంత, కాళ్ల రంగు, రొమ్ము, పక్కలు, ఎగిరితే రెక్క, తోక మొదలు, వెలుతురు ఎటు నుంచి, దూరం ఎంత, ఎంతసేపు చూశాను. ఇవన్నీ అయ్యాక పేరు. పేరు ముందు అనుకుంటే కన్ను దానికి తగ్గ గుర్తులే వెతుకుతుంది.

ఫిబ్రవరి

సామాను సంగతి. 8×42 బైనాక్యులర్ ఎప్పుడూ మెడలోనే. స్కోప్ 20-60×60. అరవై దాకా జూమ్ పెంచడం నేను మానేశాను. పదకొండు దాటాక బురద మీద వేడిగాలి అలలు లేస్తుంది, పిట్ట నీళ్లలో ఊగుతున్నట్టు ఉంటుంది. ముప్పై దగ్గరే బాగుంటుంది. ఫోన్‌ని స్కోప్‌కి తగిలించే అడాప్టర్ ఈ ఉప్పు గాలికి స్క్రూ తుప్పు పట్టి బిగుసుకుపోయింది. ఇప్పుడు ఇంటికి రాగానే మంచినీళ్లతో తడిపిన గుడ్డతో ముందు బయటి భాగాలన్నీ తుడిచి, ఆరాకే అద్దాల జోలికి పోతున్నాను.

కాలికి రంగు ఫ్లాగ్ (పరిశోధకులు తగిలించే చిన్న పట్టీ) ఉన్న పిట్ట ఒకటి కనిపించింది. ఏ దేశంలో తగిలించారో రంగుల్ని బట్టి, ఏ కాలికి, కీలుకి పైనా కిందా అన్నదాన్ని బట్టి తెలుస్తుంది. అది నీళ్లలో నిలబడింది, కింది భాగం కనబడలేదు. కుడి కాలు, పైన, రంగు పసుపా లేత ఆకుపచ్చా తేలలేదు. రెండూ రాసి, తేలలేదనే రాశాను.

మార్చి

పిట్టలు రంగు మారుతున్నాయి. గ్రేట్ నాట్ రొమ్ము మీద చుక్కలు దట్టంగా, నల్లగా అల్లుకుంటున్నాయి, భుజాల మీద ఇటుక రంగు ఈకలు వస్తున్నాయి. గుర్తుపట్టడానికి ఇంత సులువైన నెల లేదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి నవంబరు కంటే మార్చి నెలే చెబుతాను. లెక్క 156, ఈ సీజన్‌లో ఇదే ఎక్కువ.

మూడో వారంలో గుంపు వెనకాల ఒక పిట్ట, ముఖం నుంచి పొట్ట దాకా ఎర్రమట్టి రంగు. మళ్లీ అదే దడ. కానీ మార్చిలో కర్ల్యూ శాండ్‌పైపర్ కూడా ఎర్రబడుతుంది, బార్-టెయిల్డ్ గాడ్విట్ కూడా. ఫోన్ తీసి మాట్లాడటం మొదలుపెట్టాను. ముక్కు రెక్కలో దాచుకుని నిద్రపోతోంది. కాళ్లు ముందున్న పిట్ట వెనకాల ఉన్నాయి. సైజు పక్కనున్న గ్రేట్ నాట్ కంటే చిన్నది, ఎంత చిన్నదో చెప్పలేను, ఒంగి ఉంది. పదకొండు నిమిషాలు కన్ను తీయకుండా చూశాను. ఒక పడవ ఇంజను స్టార్ట్ అయింది, గుంపంతా ఒక్కసారి లేచింది. వందల తెల్లటి తోకల మధ్య దాని తోక వెతుక్కోలేకపోయాను.

ఆ లిస్టులో దాన్ని "షోర్‌బర్డ్ స్పీసీస్, 1", అంటే జాతి తేలని తీరపు పిట్ట ఒకటి, అని ఎక్కించాను. కింద వాయిస్ నోటులో చెప్పినదంతా టైపు చేసి, ఉన్న నాలుగు ఫోటోలూ పెట్టాను. పేరు లేకపోయినా ఈ సీజన్‌లో నేను రాసిన వివరాల్లో ఇదే మంచిదని నా నమ్మకం.

ఏప్రిల్, రెండో వారం

గ్రేట్ నాట్ 19. స్కిమ్మర్లు లేవు. సాయంత్రం 6.10కి నాట్‌లు లేచి, రెండు చుట్లు తిరిగి, ఉత్తరంగా పోయాయి. మళ్లీ దిగలేదు, చీకటి పడేదాకా ఉన్నాను.

వలసలు తిరిగి మొదలయ్యేది ఆగస్టులో. అప్పటికి అడాప్టర్ కొత్తది కొనాలి, ఆగస్టు, సెప్టెంబరు పోటుపాట్ల పట్టిక తీసి ఎర్ర సున్నాలు చుట్టాలి. వలల పెద్దాయనకి నా ఫోన్ నంబరు కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసిచ్చాను. మొదటి గుంపు దిగిన రోజే మిస్డ్ కాల్ ఇస్తానన్నారు.