సెలీనా స్పానిష్ పాట, మా అమ్మాయి తెలుగు

ఈ మధ్య మా ఇంట్లో తెగ వినిపిస్తున్న పాట 2021 నాటిది. అమెరికన్ గాయని సెలీనా గోమెజ్ స్పానిష్‌లో పాడిన 'దె ఉనా వెస్'. మా అమ్మాయి ఎయిత్ గ్రేడ్, స్కూల్లో స్పానిష్ తీసుకుంది, పాటలు వింటే చెవికి అలవాటవుతుందని వాళ్ళ టీచర్ చెప్పిందట, ఇంకేముంది, హోంవర్క్ పేరుతో పొద్దస్తమానం అదే. మొదట విసుక్కున్నాను. తర్వాత కారులో నేనే పెట్టుకుని వినడం మొదలుపెట్టాను, ఒక్క ముక్క అర్థం కాకపోయినా.

అర్థం కాదన్న మాటే గానీ స్పానిష్ మన చెవికి మరీ పరాయిగా ఉండదు. త, ద మనలాగే పళ్ళకి నాలుక ఆనించి పలుకుతారు. చాలా మాటలు అచ్చుతోనే ముగుస్తాయి. పైగా మేముండేది డాలస్ పక్కన ఇర్వింగ్‌లో, ఇక్కడ మెక్సికన్ కిరాణా కొట్టుకి వెళ్తే కొత్తిమీర కట్టలు, చింతకాయలు, పచ్చిమిరపకాయలు కుప్పలు పోసి ఉంటాయి, సగం మన రైతు బజారే. వాళ్ళు 'హమైకా' అని ఎర్రటి షర్బత్ తాగుతారు చూడండి, అది ఎండబెట్టిన గోంగూర పువ్వుదని తెలిసిన రోజు నేను ఫోన్ చేసి మా అమ్మకి చెప్పాను. "పువ్వుతో షర్బతా? మరి ఆకు ఏం చేస్తారే?" అంది. తెనాలి మనిషి, ఆవిడ బాధ ఆవిడది.

సరే, పాట. 2021 జనవరి 14న వచ్చింది. అంతకు ముందు మెక్సికోలో గోడల మీద పాట పేరుతో బొమ్మలు వేయించి జనాన్ని ఊరించారు. నిర్మాత తైనీ. పోర్టో రికో వాడు, రెగ్గేటన్ అనే లాటిన్ డాన్స్ సంగీతంలో పెద్ద చెయ్యి. అతని పేరు వినగానే ఎవరైనా గెంతే పాటే వస్తుందనుకుంటారు కదా, వచ్చింది మాత్రం నెమ్మదిగా, గొంతు పెంచకుండా, తనలో తను చెప్పుకుంటున్నట్టుండే పాట. మునుపటంత నొప్పి లేదు, ఇప్పుడు నా గుండెకి తూటా తగలదు అనుకునే అమ్మాయి పాట. దె ఉనా వెస్ అంటే 'ఇక తేల్చేద్దాం' లాంటి మాట. వీడియోలో ఆమె గుండె మీద ఒక బొమ్మ వెలుగుతూ ఉంటుంది. మెక్సికోలో అలాంటి బొమ్మల్ని మిలాగ్రో అంటారు, జబ్బు నయం కావాలనో, నయమైందనో మొక్కుగా గుళ్ళో పెట్టే చిన్న లోహపు బొమ్మలు. మనవాళ్ళు వెండి కళ్ళు, వెండి కాళ్ళు చేయించి హుండీలో వేస్తారే, అచ్చం అవే.

అమెరికాలో పాటలకి ర్యాంకులిచ్చే బిల్‌బోర్డ్ వాళ్ళ లాటిన్ పాటల జాబితాలో నాలుగో స్థానం దాకా వెళ్ళింది, అన్ని పాటలూ కలిపిన పెద్ద జాబితాలో 92 దగ్గర ఆగింది. 2019లో అదే పెద్ద జాబితాలో మొదటి స్థానం కొట్టిన మనిషికి 92 ఏమిటి అని ఎవరికైనా అనిపిస్తుంది. నాకైతే అది తప్పు కొలత. దాదాపు అంతా స్పానిష్‌లోనే 'రెవెలసియోన్' అని ఏడు పాటల రికార్డు చేసింది, మార్చిలో అది వచ్చి లాటిన్ ఆల్బమ్‌లలో మొదటి స్థానంలో కూర్చుంది, తర్వాతి ఏడాది గ్రామీకి నామినేషన్ కూడా తెచ్చింది, అవార్డు రాలేదు. చాలదా?

ఇంకో సంగతి. 2011 జనవరిలోనే ఆమె ట్విట్టర్లో స్పానిష్ రికార్డు వస్తోంది, మీరు ఎప్పుడు వింటారా అని ఉంది అని రాసింది. వచ్చింది పదేళ్ళకి! పాట విడుదలైన రోజు ఆ పాత ట్వీట్‌నే బయటికి తీసి, ఇంతకాలం ఆగినందుకు ఫలితం ఉంటుందనుకుంటున్నా అంది. ఆ పదేళ్ళ ఆలస్యమే నాకు పాట కంటే ఎక్కువ నచ్చింది.

ఎందుకంటే ఈమెది ఎక్కడో ఊరు కాదు, మా పక్క ఊరే, గ్రాండ్ ప్రెయిరీ. మేనత్త 1970లలో మెక్సికో నుంచి ట్రక్కులో దాక్కుని సరిహద్దు దాటింది, తాతా నాయనమ్మా ఆ వెనకే వచ్చారు, తండ్రి టెక్సస్‌లోనే పుట్టాడు. అంటే స్పానిష్ ఆమెకి నాయనమ్మ భాష. చిన్నప్పుడు బాగానే వచ్చేది, పెరిగేకొద్దీ పోయిందని ఆమే చెప్పుకుంది. పాడటానికి మళ్ళీ కోచ్‌ని పెట్టుకుని నేర్చుకుంది. ఇంగ్లీషులో కంటే స్పానిష్‌లోనే తన గొంతు బాగుంటుందనిపించింది గానీ, ఉచ్చారణలో ఒక్కటీ తప్పు పోవడానికి వీల్లేదు అని అప్పట్లో అంది.

ఆ 'వీల్లేదు' ఎందుకు? స్వీడన్ పాప్ బృందం 'అబ్బా' (ABBA) 1979లో 'చికితీతా' పాటని స్పానిష్‌లో పాడితే లాటిన్ అమెరికా నెత్తిన పెట్టుకుంది. వాళ్ళకి స్పానిష్ ఎక్కడిది, బట్టీ పట్టిందే. యాసగా ఉందని ఎవరన్నా అన్నా ముద్దుగానే అని ఉంటారు. పరాయివాడు మన భాషలో నాలుగు ముక్కలు పలికితే చప్పట్లు, మన పిల్ల ఒక్క ముక్క తప్పు పలికితే నవ్వు. ఇంటిపేరు గోమెజ్ అయ్యాక ఇక నీకు చప్పట్లు ఉండవు.

అసలు తమాషా ఏమిటంటే, ఈమెకి సెలీనా అని పెట్టింది గాయని సెలీనా కింటానియా పేరు మీద. తెహానో సంగీతానికి, అంటే టెక్సస్ మెక్సికన్ల పాటలకి, ఆవిడ మహారాణి, 1995లో 23 ఏళ్ళకే హత్యకి గురైంది. ఇక్కడి మెక్సికన్ కొట్లలో ఇప్పటికీ ఆవిడ బొమ్మ లేని గోడ ఉండదు. ఆవిడ కూడా ఇంగ్లీషులో పెరిగిన పిల్లే, మొదట్లో తండ్రి దగ్గర స్పానిష్ పాటలు అక్షరం అక్షరం బట్టీ పట్టి పాడింది. మెక్సికోలో విలేకరుల ముందు వచ్చీరాని స్పానిష్‌లోనే నవ్వుతూ మాట్లాడి వాళ్ళని గెలుచుకుంది.

పాడేటప్పుడు కోచ్ ఉంటాడు, ఎన్ని టేకులైనా తీసుకోవచ్చు. మాట్లాడేటప్పుడే దొరికిపోతాం. 2024లో 'ఎమీలియా పెరేస్' సినిమాలో గోమెజ్ స్పానిష్ డైలాగులు చెప్పింది. మెక్సికో నటుడు యుహేనియో దెర్బేస్ ఒక పాడ్‌కాస్ట్‌లో ఆ నటనని సమర్థించడం కుదరదన్నాడు. దొరికిన టైములో చేయగలిగింది చేశానని ఆమె జవాబిచ్చింది, ఆయన క్షమాపణ చెప్పాడు. ఆయన అన్నదాంట్లో బొత్తిగా న్యాయం లేదని నేననను, పాత్రకి భాష కుదరకపోతే చూసేవాడికి తెలుస్తుంది. 1981లో 'ఏక్ దూజే కే లియే'కి మన బాలు చేత హిందీ పాడిద్దామంటే సంగీత దర్శకులకే మొదట మనసొప్పలేదు, హీరోది హిందీ రాని తమిళ కుర్రాడి పాత్ర, ఆ యాస ఉంటే తప్పేమిటని బాలచందర్ పట్టుబట్టాడు. తీరా చూస్తే జాతీయ అవార్డు వచ్చింది. అక్కడ పాత్ర యాసని కోరింది, ఇక్కడ వద్దంది, అంతే తేడా.

ఇదంతా మా అమ్మాయితో మాట్లాడుతుంటే ఒక కొత్త మాట చెప్పింది. 'నో సాబో కిడ్స్' అట. స్పానిష్‌లో 'నాకు తెలియదు' అనాలంటే 'నో సే' అనాలి. ఇంట్లో స్పానిష్ సరిగ్గా పట్టుబడని పిల్లలు వ్యాకరణం ప్రకారం లెక్కకట్టి 'నో సాబో' అంటారు. తప్పే, కానీ తెలివైన తప్పు. ఆ మాటతోనే వాళ్ళని వెక్కిరిస్తారు. చెప్పి, ఫోన్లోంచి తలెత్తకుండానే, "నేను తెలుగులో నో సాబో కిడ్ కదమ్మా" అంది.

నాకు గుర్తొచ్చింది. దానికి ఏడేళ్ళప్పుడు మా అమ్మ మొదటిసారి అమెరికా వచ్చింది. ఎయిర్‌పోర్ట్‌లో ఆవిడని చూడగానే ఇది ఎగురుకుంటూ "అమ్మమ్మ వచ్చాడు! అమ్మమ్మ వచ్చాడు!" అని అరిచింది. అందరం పగలబడి నవ్వాం. నేను వీడియో తీశాను. తీసి ఊరుకున్నానా, ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను, రెండు ఖండాల చుట్టాలూ నెలరోజులు ఫోన్ చేసినప్పుడల్లా "ఏమే, అమ్మమ్మ వచ్చాడా" అని అడిగారు. ఆ తర్వాత ఎప్పుడో అది తెలుగులో జవాబివ్వడం మానేసింది. ఎప్పుడు మానేసిందో కూడా మేం గమనించలేదు. మరి స్పానిష్ మాత్రం సిగ్గు లేకుండా తప్పుల తడకగా మాట్లాడుతుంది, కొట్లో, స్కూల్లో, ఎక్కడపడితే అక్కడ. అది దాని నాయనమ్మ భాష కాదు కదా.

వీడియో తీసేశాను. ఆరేళ్ళ తర్వాత తీసేస్తే ఎవరికి లాభమో తెలియదు, తీసేశాను అంతే. మా అమ్మకి కూడా విషయం చెప్పాను, ఆవిడ ఏమీ మాట్లాడలేదు.

మొన్న ఆదివారం రాత్రి మా అమ్మ వీడియో కాల్ చేసింది, అక్కడ పొద్దున్న. నేను వంటింట్లో ఉన్నాను, అమ్మాయి ఎత్తింది. వెనక గేటు చప్పుడైనట్టుంది, ఇది చాలా జాగ్రత్తగా, ఒక్కో మాటా కూడబలుక్కుని, "అమ్మమ్మా, పాలవాడు వచ్చిందా?" అని అడిగింది. ఈసారి ఆడ మగ అటుదిటైంది. మా నాన్న నవ్వబోయి దగ్గులోకి మార్చుకోవడం నాకు ఇక్కడికి వినిపించింది.

"వచ్చింది తల్లీ, ఇప్పుడే పాలు పోసి వెళ్ళింది" అంది మా అమ్మ.