నాన్న రక్తం రెండోసారి ఎందుకు ఇచ్చామంటే

నాన్నకు పక్షవాతం వచ్చి విశాఖలో ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఒక డాక్టరమ్మ వచ్చి, "రక్తనాళాల లోపలి పొర ఎంత దెబ్బతిందో రక్తంలో చూసే పరిశోధన చేస్తున్నాం. ఒప్పుకోకపోయినా వైద్యంలో ఏ తేడా రాదండి" అన్నారు. నాన్నకు మాట రావడం లేదు గానీ విషయం అర్థమవుతోంది. అందుకే తెలుగు ఫారం ఆయనకే చదివి వినిపించమన్నాను. ఆయన తలూపి ఎడమ బొటనవేలి ముద్ర వేశారు. పరిశోధనతో సంబంధం లేని ఒకరు సాక్షి సంతకం చేశారు. నాకు బాగా నచ్చింది ఇదే.

ఆ పొర పేరు ఎండోథీలియం. మందం ఒక్క కణమే. నైట్రిక్ ఆక్సైడ్ తయారుచేసి నాళాన్ని బిగుసుకోనివ్వదు, రక్తాన్ని అనవసరంగా గడ్డకట్టనివ్వదు. అది దెబ్బతింటే వాన్ విల్లీబ్రాండ్ ఫ్యాక్టర్, ఐక్యామ్-1 లాంటి ప్రొటీన్లు రక్తంలో పెరుగుతాయి. నీలం మూత ట్యూబులో గీత దాకా రక్తం తీశారు. రక్తం గడ్డకట్టకుండా అందులో ముందే పోసి ఉంచిన సిట్రేట్ ద్రవం ఒక వంతైతే రక్తం తొమ్మిది వంతులు ఉండాలట. రక్తకణాలు తీసేస్తే మిగిలే ద్రవం, అంటే ప్లాస్మా, వేరు చేసి మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో పెడతారు. బ్లడ్ గ్రూపు కూడా రాసుకున్నారు. 'ఓ' గ్రూపు వాళ్లలో ఈ ఫ్యాక్టర్ సహజంగానే తక్కువ, అందుకే అందరినీ ఒకే కొలమానంతో చూడకూడదు.

మూడు నెలలకు మళ్లీ రమ్మన్నారు. "మళ్లీ రక్తమేటి? అసలే నీరసంగా ఉన్నారు" అని అమ్మ బాధపడింది. స్ట్రోక్ వచ్చిన కొత్తలో ఒంట్లోని వాపు (ఇన్‌ఫ్లమేషన్) వల్ల కూడా ఈ ప్రొటీన్లు పెరుగుతాయని, ఒక్క శాంపిల్‌తో ఏదీ తేలదని సిస్టరు ఓపిగ్గా చెప్పాక సరేనంది. తీరా వెళ్లేసరికి నాన్నకు జ్వరం. జ్వరంలోనూ లెక్క మారుతుందని, తగ్గాక రమ్మని పంపేశారు. గాజువాక నుంచి వీల్‌చెయిర్‌తో మళ్లీ ఆటో ఎక్కించడం కష్టమే. అయినా వెళ్లాం. సగంలో వదిలేస్తే మొదటిసారి ఇచ్చిన రక్తం కూడా వాళ్లకు పనికిరాదనిపించింది.

ఆ ప్రొటీన్ల రిపోర్టు మన చేతికి ఇవ్వరు. దాన్ని బట్టి మందులు మార్చే పద్ధతి ఇంకా రాలేదు. కానీ అదే రోజు తీసిన మామూలు కొలెస్ట్రాల్ రిపోర్టు ఇచ్చారు. చెడు కొలెస్ట్రాల్ (ఎల్‌డీఎల్) ఎక్కువగా ఉందని ఓపీలో డాక్టరుగారు నాన్న మాత్ర డోసు పెంచారు.