రేడియేషన్ మొదలయ్యే ముందు

పెదనాన్నగారికి నాలుక మొదలు భాగంలో క్యాన్సర్ అని తేలిన తర్వాత, రేడియేషన్ వెంటనే ఎందుకు మొదలుపెట్టడం లేదని ఇంట్లో అందరమూ ఆందోళన పడ్డాము. ఆ వ్యవధిలో ఎంత పని జరుగుతుందో డాక్టరుగారు స్క్రీన్ మీద చూపించాకే నాకు తెలిసింది.

వేడినీటిలో మెత్తబరచిన, జల్లెడ వంటి ప్లాస్టిక్ పలకను ముఖం మీదా భుజాల మీదా పరచి, అది ఆయన ఆకారంలోనే గట్టిపడ్డాక, ఆ మాస్కును బిగించి ఉంచే సీటీ స్కాన్ తీశారు. కిరణాలను ఏ కణజాలం ఎంత అడ్డుకుంటుందో తెలిపేది సీటీయే కనుక మోతాదు లెక్క దాని మీదే నడుస్తుంది. కాని నాలుక కండరంలో కణితి అంచు అందులో సరిగా కనబడదు. పళ్లలో లోహపు ఫిల్లింగులు ఉంటే చారలు కూడా పడతాయి. అందుకే ఎమ్మారైనీ, చక్కెరను ఎక్కువగా పీల్చుకునే కణాలను చూపే పెట్ స్కాన్‌నూ దానితో జోడించి, ఒక్కొక్క పొర మీద కణితి హద్దు గీశారు.

నన్ను కదిలించినవి, కాపాడవలసిన అవయవాల చుట్టూ గీసిన గీతలు. కణితికి సాధారణంగా 35 విడతలలో 70 గ్రేలు (గ్రే అంటే రేడియేషన్ మోతాదుకు కొలత) ఇస్తారు. చెవి ముందరి పరోటిడ్ అనే లాలాజల గ్రంథికి సగటున సుమారు 26 గ్రేలు దాటకుండా చూస్తారు, లేకపోతే నోరు తడి ఆరిపోయి ముద్ద మింగడమే కష్టమవుతుంది.

మధ్యలో ఆయన బరువు తగ్గి మాస్కు వదులైనప్పుడు మళ్లీ సీటీ తీసి ప్లాన్ మార్చారు. అది అనవసరపు ఖర్చన్న బంధువులతో నేను ఏకీభవించను. మెడ సన్నబడితే ఆ గ్రంథులు కుంచించుకుని లోపలికి, ఎక్కువ మోతాదు పడే చోటికి జరగవచ్చు.