తెర మీద 90, లోపల 98

2012లో వంతులవారీ యుద్ధవ్యూహ వీడియోగేమ్ ఫైర్ ఎంబ్లమ్ అవేకెనింగ్ అమ్మకాలు 2.5 లక్షల కాపీలు దాటకపోతే ఆ సిరీస్‌కే స్వస్తి అన్నారు. ఆట దాన్ని సునాయాసంగా దాటింది. పడిపోయిన సైనికులు తర్వాతి యుద్ధానికి తిరిగొచ్చే క్యాజువల్ మోడ్, పడిపోయినవాళ్లు ఇక తిరిగిరారన్న కొత్తవాళ్ల భయం చాలావరకు తీర్చిందని నా నమ్మకం.

ఇప్పుడు మొదలుపెట్టేవాళ్లు ముందు తెలుసుకోవాల్సింది గురి శాతాల సంగతి, అంటే దెబ్బ తగిలే అవకాశం ఎంతో తెర మీద చూపే అంకెలు. ఇదే సిరీస్‌లో 2002 నాటి బైండింగ్ బ్లేడ్‌లో ఆట 0 నుంచి 99 లోపు రెండు సంఖ్యలు తీసి సగటు కడుతుంది. సగటు తెర మీది అంకె కంటే తక్కువైతే దెబ్బ తగులుతుంది. సగటు ఎప్పుడూ మధ్యకే మొగ్గుతుంది కాబట్టి 90 అంటే నిజానికి 98, శత్రువుకు 20 అంటే దాదాపు 8 మాత్రమే. అందుకే అక్కడ తప్పించుకునే కత్తివీరుడిని ధైర్యంగా ముందు నిలబెట్టొచ్చు.

అదే ధీమాతో ఇలాంటిదే మరో ఆట, ఎక్స్‌కామ్: ఎనిమీ అన్‌నోన్‌కి వెళితే దెబ్బతింటారు. క్లాసిక్ అనే కఠిన స్థాయిలో 90 అంటే 90 మాత్రమే, పదింట ఒకటి పోతుంది. సేవ్ మళ్లీ లోడ్ చేసి అదే తూటా పేల్చినా ఫలితం మారదు, పాచిక ముందే పడి ఉంటుంది. గురి తప్పినా ప్రాణం నిలిచేలా ముందు పూర్తి చాటు చూసుకోండి, తర్వాతే కాల్చండి.

2018లో ఇన్‌టు ది బ్రీచ్ అనే ఆట 8×8 గళ్లలో శత్రువు ఏం చేయబోతున్నాడో ముందే చూపించింది, మన దెబ్బ గురి తప్పడమే లేదు. ఈ జానర్ భవిష్యత్తు అటువైపే ఉందనిపిస్తుంది: అదృష్టం తక్కువ, ఆలోచన ఎక్కువ.